సరిచేసి పంపడమైనది

జూన్ 2

అత్తా,

ఎలా ఉన్నావు? మోకాలు ఎలా ఉంది? పని ఉండి రాస్తున్నాను కాబట్టి మర్యాదకు అడిగాననుకోకు, నిజంగానే అడుగుతున్నాను. పని కూడా ఉంది, అది వేరే సంగతి.

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఏంటీ? గట్టిగా చెప్పు" అంటావు. నేను గట్టిగా చెబితే కింద వాటాలో ఉన్న ఇంటి ఓనరు చీపురు కర్రతో వాళ్ల పైకప్పును, అంటే నా నేలను, పొడుస్తాడు. ముప్పై ఏళ్లు కుట్టు మిషన్ల మోతలో కూర్చున్న చెవులకి ఫోను పడదని నువ్వే అన్నావు. అందుకే ఈ ఉత్తరం.

నేను ఉద్యోగం మానేసిన సంగతి నాన్న నీకు చెప్పే ఉంటాడు. మానేసి ఏం చేస్తున్నానో మాత్రం చెప్పి ఉండడు, చెప్పడానికి నోరు రాదు పాపం. పాములు కుడుతున్నాను. నువ్విచ్చిన చేతి మిషను మీదే. తలుపు కింద సందు ఉంటుందే, దుమ్మూ చలిగాలీ బల్లులూ వచ్చేది, ఆ సందుకు అడ్డంగా పెట్టుకునే గుడ్డ పాములు. లోపల ఇసుకా గుడ్డ పీలికలూ కూరతాను. రెండు కళ్లు, ఒక ఎర్ర నాలుక. ఫోన్లో సామాన్లు అమ్మే ఒక సైటులో దుకాణం తెరిచాను, నవ్వకు, కొంటున్నారు కూడా.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, నచ్చక తిరిగి పంపేవాళ్లు పంపడానికి ఒక చిరునామా ఇవ్వాలి. ఇంట్లో వ్యాపారం పెట్టావా అంటాడని ఓనరుకు తెలియకుండా నడుపుతున్నాను, డబ్బాలు ఇక్కడికి వస్తే గుట్టు రట్టవుతుంది. నీ గది రోడ్డు మీదే, కింది అంతస్తు, ఎప్పుడూ ఇంట్లోనే ఉంటావు. అందుకని అడక్కుండానే నీ చిరునామా ఇచ్చేశాను. ప్రతి డబ్బాలో ఒక స్లిప్పు ఉంటుంది, ఎందుకు తిరిగి పంపుతున్నారో కారణం రాసి ఉంటుంది. ఏం వచ్చిందో నాకు రాస్తే చాలు. మిగతాది నీకు నేను చెప్పాలా? బట్టలు కుట్టే కొట్లో నువ్వు కూర్చున్నది వెనక్కి తెచ్చినవి తీసుకునే బల్ల దగ్గరే కదా.

సైటు వాళ్లు కొత్త దుకాణాలకు మూడు నెలలు గడువిస్తారు. ఈలోగా ఫిర్యాదులు ఎక్కువైతే పేజీ మూసేస్తారు. మూసేస్తే నాన్న స్నేహితుడి సిమెంటు ఆఫీసులో నాకోసం ఒక కుర్చీ తుడిచి పెట్టి ఉంచారట. ఆ కుర్చీ తలుచుకుంటేనే నాకు నిద్ర పట్టడం లేదు. ఇది నిలబడాలి అత్తా.

మిషను పిడి తిప్పీ తిప్పీ అరచెయ్యి బొబ్బలెక్కింది. మెడ పట్టేసింది. అయినా హాయిగా ఉంది.

నీ బొంగరం


జూన్ 14

బొంగరానికి,

అత్త దీవెనలు, ఒక మొట్టికాయ. సొంత దుకాణం పెట్టినందుకు దీవెన. లోకంలో ఇన్ని జీవాలుండగా పామే దొరికిందా అని మొట్టికాయ. ఒక్కచోట కూర్చోని పిల్లవని నీకా పేరు పెట్టింది నేనే, ఇప్పుడు రోజంతా కూర్చుని కుడుతున్నావంటే నమ్మడానికి రెండు రోజులు పట్టింది.

మొదటి డబ్బా వచ్చింది. దారిలో మూల చినిగి తోక బయటికి వేలాడుతోంది. కొరియర్ ఆయన దాన్ని చూసుకోకుండా చంకలో పెట్టుకుని వచ్చాడు. గుమ్మం ముందు చూసుకున్నాడు. డబ్బా గాల్లోకి ఎగిరింది, ఆయన రోడ్డు అవతల తేలాడు. అక్కడి నుంచే సంతకం పెట్టమంటాడు. పెన్నూ కాగితం ఆయన దగ్గరే ఉన్నాయి, నేనెక్కడ పెట్టేది సంతకం, గాల్లోనా? తాడును చూసి పామనుకున్నవాళ్ల గురించి విన్నాను గానీ, కళ్లూ నాలుకా కూడా మనమే కుట్టి భయపెట్టడం ఇదే చూడటం.

పంపినాయన ఉద్యోగం నుంచి దిగిపోయిన లెక్కల మాస్టారు. స్లిప్పు మీద కారణం రాయమంటే తలుపు బొమ్మ గీసి, పాము బొమ్మ గీసి, ఒక దాంట్లోంచి ఒకటి తీసేసి, తేడా ఒక జాన అని కింద గీత కొట్టాడు. తోక గోడకు తగిలి వంగుతోందట. ఆయన లెక్క సరైనదే. నీ కుట్టు కూడా చూశాను, దాని గురించి మనం కలిసినప్పుడు మాట్లాడుకుందాం.

కొట్లో చేసినట్టే చేశాను. జాన కోసి, తోక మళ్లీ కుట్టి, నాలుగు ముక్కలు రాసి లోపల పెట్టి పంపించేశాను. మిగతావాళ్ల డబ్బా చినిగితే కొత్తది వేస్తాను గానీ మాస్టారి డబ్బా గట్టిది, మూల అతికిస్తే సరిపోయింది. నువ్వు బెంగ పెట్టుకోకు. మోకాలు అలాగే ఉంది, దానికి వయసెక్కువ, నాకు కాదు.

మీ అత్త


జూన్ 25

బంగారు అత్తా,

నీ ఉత్తరం చదివి నవ్వలేక చచ్చాను. కింద ఓనరు రెండుసార్లు పొడిచాడు.

మాస్టారి పాము ఇంకా నాకు చేరలేదు. పంపించేశానన్నావు, దారిలో ఉందేమో. తొందరేం లేదు, వస్తే తోక విప్పి ఇంకొకరికి అమ్ముకుంటాను. కానీ అత్తా, పాముల్ని నాకు కూడా పంపక్కర్లేదు, నీ మంచం కింద పడేసి ఉంచు.

ఈమధ్య కొనేవాళ్లకి ఏదో అయింది. తర్వాత నువ్వు కార్డు ముక్క మీద రాసి పంపినట్టుగానే మరో ఇద్దరివి అందాయని సైటులో నొక్కి డబ్బు వెనక్కి ఇచ్చేశాను. ఒకావిడ నా పేజీ కింద ఏం రాసిందో తెలుసా? "డబ్బు వచ్చింది, సంతోషం. పాము కూడా మళ్లీ వచ్చింది. పగబట్టిందా?" ఇంకొకాయన, "నాలుక చూస్తే భయంగా ఉందని వెనక్కి పంపాను, నాలుక లేకుండా తిరిగొచ్చింది, ఇప్పుడు ఇంకా భయంగా ఉంది" అని. ఎండకి మతి పోయి ఉంటుంది. నేను "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని జవాబిచ్చాను.

లెక్కల మాస్టారి దగ్గర మాత్రం చిక్కు వచ్చి పడింది. ఆయనది అందిందని నొక్కబోతే సైటు ఒప్పుకోవడం లేదు. "పార్శిల్ దారిలో ఉంది" అంటుంది. నీ దగ్గరికి వచ్చేసింది కదా! అది నొక్కితేనే గానీ ఆయనకు డబ్బు పోదు. ఆయన రోజూ ఫిర్యాదు రాస్తున్నాడు, ఒక్కోదానికి ఒక్కో అంకె వేసి, ఆ పాత అంకెలన్నీ మళ్లీ కింద ప్రస్తావిస్తూ. ఈయన ఒక్కడు చాలు నా పేజీ మూయించడానికి. కొరియర్ ఆయన్ని అడిగి చూడవూ, ఆయన తన చేతి మిషనుతో డబ్బా మీది నల్ల గీతల కాగితాన్ని సరిగ్గా చదివించాడో లేదో?

మెడ ఇంకా అలాగే ఉంది. బల్ల ఎత్తు, మిషను పల్లం, వంగి వంగి కుడుతుంటే నేనే పాములా తయారవుతున్నాను.

నీ బొంగరం


జూలై 8

బొంగరానికి,

అత్త దీవెనలు. ఈసారి మొట్టికాయ నీకు కాదు, ఆ మాస్టారికి.

ఏమనుకుంటున్నాడే ఆయన తనను తాను? జాన కోసి అంత చక్కగా పంపితే, డబ్బా విప్పకుండా మళ్లీ నాకే పంపాడు! నేను వేసిన ముడి నేను వేసినట్టే ఉంది. ఇలాంటివాళ్లని కొట్లో చాలామందిని చూశాను. చొక్కా తొడుక్కోకుండానే "బిగుతు" అంటారు. కారణం కూడా కొత్తగా ఏమీ రాయలేదు, ఆ పాత స్లిప్పే. నాకే తోచింది, బహుశా కళ్లు నచ్చలేదేమో అని. నువ్వు కుట్టిన కళ్లు చూస్తే అది ఎవరికో అప్పు ఇచ్చినట్టు చూస్తుంది మరి. ఆ కళ్లు ఊడదీసి, నిద్రపోతున్నట్టు రెండు గీతలు కుట్టి పంపాను. లోపల ఇలా రాశాను: "అయ్యా, వస్తువు చూడకుండా వెనక్కి కొట్టడం పెద్దమనిషి లక్షణం కాదు. తలుపు దగ్గర పెట్టి చూసి మాట్లాడండి."

మూడు రోజులకి మళ్లీ వచ్చింది. అదే ముడి! నా ఉత్తరం కూడా చదవలేదు. సరే, నాలుకేమో అనుకుని నాలుక తీసేశాను. ఈసారి కాస్త గట్టిగానే రాశాను. ఏం రాశానో నీకు చెప్పను, నువ్వు చిన్నదానివి.

కొరియర్ ఆయన పాపం మంచివాడే. ఇప్పుడు భయపడటం లేదు, గుమ్మంలోంచే "అత్తగారూ, మీ పెంపుడుది వచ్చింది" అని కేక వేస్తున్నాడు. చేతి మిషను సరిగ్గానే పనిచేస్తుందట, కావాలంటే నా ముందే కూతపెట్టించి చూపించాడు.

మంచం కింద పడేయమన్నావు గానీ, సరిచేసినవి నేను దాచుకుంటే కొన్నవాళ్లు ఏమైపోతారు? మిగతావాళ్లంతా బుద్ధిమంతులు. బరువెక్కువ అన్నవాళ్లకి ఇసుక సగం తీసేసి పంపాను, ఆ ఇసుక నా పూలకుండీలకి పనికొచ్చింది. నాలుక వద్దన్నాయనకి నాలుక తీసి పంపాను, కిక్కురుమనలేదు. ఎవరో పొరపాటున పాము బదులు తెగిపోయిన చెప్పు ఒకటి డబ్బాలో పెట్టి పంపారు. అదీ కుట్టి పంపాను. రెండో చెప్పు కూడా పంపితే అదీ చూస్తానని రాశాను.

నీ దుకాణానికి మాట రానివ్వను. ధైర్యంగా ఉండు.

మీ అత్త


జూలై 19

అత్తా,

ఆగు. చేతిలో సూది ఉంటే కింద పెట్టు. కత్తెర ఉంటే అది కూడా.

నువ్వు వాటిని పంపుతున్నది నాకు కాదా? కొన్నవాళ్లకేనా? అందరికీనా?

నేను ఇప్పుడే నేల మీద కూర్చుని అన్నీ కలుపుకున్నాను. పగబట్టిన పాము, నాలుక లేకుండా వచ్చిన పాము, ఆ చెప్పు పంపినావిడ "మీ సేవకు కన్నీళ్లు వచ్చాయి" అని రాసింది కూడా. వాళ్లెవరికీ మతి పోలేదు. నాకే పోయింది. అత్తా, వెనక్కి పంపడమంటే వాళ్లకి ఆ వస్తువు వద్దని. డబ్బు వాళ్లకి ఇచ్చేసి వస్తువు మనం ఉంచుకోవాలి. అంతే. నేను అందరికీ డబ్బు ఇచ్చేశాను, నువ్వు అందరికీ పాముల్ని ఇచ్చేశావు. మనిద్దరం కలిసి ఊరికే పాముల్ని పంచిపెడుతున్నాం.

మాస్టారి సంగతి కూడా అర్థమైంది. ఆయన ముడి విప్పకపోవడం కాదు, నీ డబ్బా ఆయన దగ్గరికి ఒక్కసారి కూడా వెళ్లలేదు. డబ్బా మీద నల్ల గీతల కాగితం ఉంటుంది చూడు, దాంట్లో నీ చిరునామా ఉంది. నువ్వు ఆయన చిరునామా పెన్నుతో ఎంత పెద్దగా రాసినా కొరియర్ వాళ్ల మిషను ఆ గీతల్నే చదువుతుంది, చదివి తిప్పి నీ దగ్గరికే తెస్తుంది. మిగతావాటికి కొత్త డబ్బాలు వేశావు కాబట్టి చేరాయి. మాస్టారి డబ్బా గట్టిది కాబట్టి నీ గుమ్మం చుట్టూ గిరగిరా తిరుగుతోంది. పాపం ఆయన డబ్బు రాక ఏడుస్తుంటే, నువ్వు ఆయన చదవని ఉత్తరాల్లో ఆయన్ని తిడుతున్నావు.

దండం పెడతాను. ఇకపై ఏదొచ్చినా ఎవరికీ పంపకు. మాస్టారి పాము వస్తే దాన్ని తాకకు. నేను ఆయనకి క్షమాపణ రాసి, డబ్బు నా చేతి నుంచి పంపుతాను. ఈ ఒక్క ఫిర్యాదు మాసిపోతే గడువు దాటేస్తాను.

బొంగరం


జూలై 20

బొంగరానికి,

అత్త దీవెనలు. నీ దగ్గరి నుంచి జవాబు రాలేదు, పనిలో ఉన్నావనుకుంటాను. మంచిదే.

మాస్టారి డబ్బా మళ్లీ వచ్చింది. ఇక నేను ఊరుకోలేదే. కళ్లు తీశాను, నాలుక తీశాను, ఇంకా వద్దంటున్నాడంటే ఆయనకి తలే వద్దన్నమాట. తల కోసేశాను. ఇప్పుడది పాము కాదు, పొడుగు దిండు. ఇక దానికి ఎలా వంక పెడతాడో చూస్తాను.

ఈసారి చక్కగా పంపాలని పాత డబ్బా పారేశాను. ఆ నల్ల గీతల కాగితమూ గీగితమూ ఏమీ లేకుండా కొత్త అట్టపెట్టె తెప్పించి, ఆయన చిరునామా ముత్యాల్లాంటి అక్షరాలతో రాయించాను. ఇంతకు ముందు ఆయన చదవకుండా తిప్పికొట్టిన నా ఉత్తరాలన్నీ వరసగా పేర్చి, ఇవాళ రాసినది పైన పెట్టి, దారంతో కట్టి లోపల పెట్టాను. ఇవాళ రాసినది చదివితే చాలు, మిగతావి వాటంతటవే అర్థమవుతాయి.

చివర కొట్లో బిల్లు మీద రాసినట్టే రాశాను: "సరిచేసి పంపడమైనది."

కొరియర్ ఆయన తీసుకెళ్లిపోయాడు కూడా. నువ్వు ఇక నిశ్చింతగా ఉండు.

మీ అత్త


ఆగస్టు 1

అత్తా,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడి పలకరించుకోకుండా వెళ్లిపోయాయి.

మాస్టారికి నీ పెట్టె చేరింది. నేను క్షమాపణ రాసిన మర్నాడే. ఆయన సైటుకి ఫొటోలు పంపాడు. తల లేని పాము, దాని పక్కన దారంతో కట్టిన నీ ఉత్తరాలు. "నేను డబ్బు అడిగాను. నాకు శవం పంపారు. దానితో పాటు నేను పెద్దమనిషిని కానని, చొక్కా తొడుక్కోకుండా బిగుతు అంటానని, లెక్కలు చెప్పి చెప్పి తల గట్టిపడిందని, ఆ తల నాకు అక్కర్లేదు కాబట్టి పాముకీ తీసేశామని రాశారు. ఇది బెదిరింపు అనుకోవాలా?" అని రాశాడు. సైటు వాళ్లు అదే అనుకున్నారు. నిన్న నా పేజీ మూసేశారు. "విచారణ పూర్తయ్యే వరకు" అన్నారు గానీ, వాళ్ల విచారణ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

నాకు నవ్వు రావడం లేదు అత్తా. ఎవరైనా ఏదైనా పట్టుకొస్తే ఎందుకు తెచ్చారో అడగవా? ఒక్క మాట అడగవా? కత్తెర చేతిలో ఉంటే చాలు కోసేయడమేనా? నువ్వేమీ సరిచేయకుండా ఊరికే కూర్చుని ఉంటే నా దుకాణం బతికి ఉండేది.

ఇలా రాయకూడదు. రాశాను. చింపి మళ్లీ రాసే ఓపిక లేదు.

నాన్నకి చెప్పేశాను. పైకి అయ్యో అన్నాడు గానీ, గొంతులో సంతోషం దాచలేకపోయాడు. నెలాఖరుకి సిమెంటు ఆఫీసులో చేరతాను. నీ మిషను నీకు తిరిగి పంపుతున్నాను, అక్కడ దానితో నాకేం పని? పెట్టెలో పాములకి పెట్టే స్లిప్పే ఒకటి పెట్టాను, అలవాటు పోలేదు. కారణం అని ఉన్నచోట "నాకు సరిపోలేదు" అని రాశాను.

మోకాలు జాగ్రత్త.

బొంగరం


ఆగస్టు 12

బొంగరానికి,

అత్త దీవెనలు. ఒట్టి దీవెనలే, ఈసారి మొట్టికాయ పెట్టే మొహం లేదు.

నీ ఉత్తరం చదివాను. కోపం రాలేదు. ఏడుపొచ్చింది, ఎవరూ చూడలేదు కాబట్టి ఒప్పుకుంటున్నాను. అడగవా అన్నావు చూడు, అది ముల్లులా గుచ్చుకుంది. మా కొట్లో డబ్బు తిరిగివ్వడమనే మాటే లేదే. పంట్లాం పొడవైతే కురచ చేస్తాం, బిగుతైతే వదులు చేస్తాం, ఇంటికి పంపేస్తాం. వాళ్లకి వద్దేమో అని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. నీ దుకాణాన్ని నా కొట్టు అనుకున్నాను. తప్పు నాదే.

ఆ ముక్క అయిపోయింది, ఇప్పుడు అసలు సంగతి విను. మాస్టారు వచ్చాడు.

అవును, మనిషే వచ్చాడు. పెట్టె మీద నా చిరునామా ఉంది కదా. బస్సు దిగి, చంకలో తల లేని పాముతో, చేతిలో నా ఉత్తరాల కట్టతో తలుపు కొట్టాడు. సన్నగా పొడుగ్గా ఉన్నాడు, నీ పాములకి మల్లే. నేను తలుపు తీయగానే నా ఉత్తరంలో తప్పులు చదవడం మొదలుపెట్టాడు. ఎర్ర సిరాతో దిద్దుకుని వచ్చాడు! నేను ఊరుకుంటానా? "గుమ్మంలో నిలబడి తిట్టేవాళ్లని మా కొట్లో లోపల కూర్చోబెట్టి తిట్టేవాళ్లం, రండి" అన్నాను. వచ్చి కూర్చున్నాడు. ఒక గంట బాగా పోట్లాడుకున్నాం. ఇన్నాళ్లకి నాకు చెవులు బాగా వినిపించాయి.

అప్పుడు నీ మాట గుర్తొచ్చింది. అడిగాను. జీవితంలో మొదటిసారి, కత్తెర పక్కన పెట్టి, "అయ్యా, ఇంతకీ మీకేం కావాలి?" అని.

డబ్బు నువ్వు పంపింది అందిందట. పొడవు ఇప్పుడు అతికినట్టు సరిపోయిందట, లెక్క కూడా వేశాడు, తేడా సున్నా. "మరి?" అంటే, వాళ్లింట్లో పిల్లి ఉందట. ముందు పాము వచ్చినప్పుడు అది రోజంతా పాము మీద దూకి, తల కొరికి, అలిసిపోయి దాని పక్కనే పడుకునేదట. పాము పోయాక తలుపు దగ్గర కూర్చుని ఒకటే అరుపు. ఇప్పుడు పాము వచ్చింది గానీ కొరకడానికి తల లేదు. పిల్లి దాని చుట్టూ తిరిగి చూసి, వెళ్లి మాస్టారి మంచం కింద అలిగి పడుకుంది. "నాకు తల కావాలండీ" అన్నాడు. అంత పెద్దమనిషి, గొంతు చిన్నదై పోయింది.

తల నా దగ్గరే ఉంది. కోసినదేదీ పారేసే అలవాటు లేదు నాకు. ఆయన ముందే కుట్టిచ్చాను, కళ్లతో, నాలుకతో సహా. పిల్లి కొరికినా ఊడకుండా రెండు వరసలు వేశాను. వెళ్తూ వెళ్తూ నీ సైటుకి ఏదో రాస్తానన్నాడు. ఏం రాస్తాడో నేను అడగలేదు, అన్నీ ఒకే రోజు నేర్చుకోలేను.

ఇక నీ మిషను. వచ్చింది. స్లిప్పు చదివాను. "నాకు సరిపోలేదు."

వెనక్కి తీసుకోమంటావేమో, నేను తీసుకోను. డబ్బు ఇవ్వమంటావేమో, నువ్వు దానికి కానీ కూడా ఇవ్వలేదు. అడక్కుండా సరిచేశానని మళ్లీ అనకు. నీ ఉత్తరాలు తీసి చదివాను, నువ్వేం కావాలన్నావో అందులో వెతికాను. పిడి అరచేతిని కొరుకుతోందన్నావు జూన్లో. పిడికి మెత్తగా గుడ్డ చుట్టి కుట్టాను. ఆ గుడ్డ మాస్టారి పాము తోక నుంచి మొదట కోసిన జాన ముక్క. బల్ల ఎత్తు, మిషను పల్లం అన్నావు. మిషను కింద నాలుగు వేళ్ల మందం చెక్క బిగించాను, ఇక వంగక్కర్లేదు, తల ఎత్తుకుని కుట్టుకో. నూనె పోశాను. దారం తెగకుండా లోపల చిన్న బిగింపు సరిచేశాను, అది నువ్వు అడగలేదు, అయినా చేశాను, ఏం చేసుకుంటావో చేసుకో.

"ఇది నిలబడాలి అత్తా" అని రాశావు మొదటి ఉత్తరంలో. దానికి మాత్రం ఏం కుట్టాలో నాకు తెలియడం లేదు. సిమెంటు ఆఫీసుకి వెళ్లాలని ఉంటే వెళ్లు, నేను ఆపను. కానీ మిషను నీ దగ్గరే ఉంటుంది. ఆ నల్ల గీతల కాగితం సంగతి నువ్వే నాకు నేర్పావు కదా. కొరియర్ ఆయన్ని బతిమాలి నీ చిరునామాతో నాలుగు కాగితాలు తీయించి, పెట్టె పైన, అడుగున, రెండు పక్కలా బంకతో అంటించి, పైన టేపు చుట్టేశాం ఇద్దరం కలిసి. పీకితే అట్ట వస్తుంది గానీ కాగితం రాదు. ఈ ఉత్తరం మూత సందులోంచి లోపలికి తోసేస్తున్నాను. నువ్వు దాన్ని ఎవరికి పంపినా, ఎటు పంపినా, పగబట్టినట్టు నీ గుమ్మంలోకే వస్తుంది.

సరిచేసి పంపడమైనది.

మీ అత్త


ఆగస్టు 29

అత్తా,

నీ ఉత్తరం ఇవాళే చదివాను. ఎందుకంటే పెట్టె ఇవాళే విప్పాను.

మొదటిసారి వచ్చినప్పుడు విప్పలేదు. మిషను తిప్పి పంపావని చూడగానే ఒళ్లు మండిపోయింది. నువ్వు వేసిన ముడి వేసినట్టే ఉంచి, పైన నీ చిరునామా పెన్నుతో పెద్దగా రాసి కొరియర్ ఆయనకి ఇచ్చేశాను. మూడో రోజు నా గుమ్మంలో ఉంది. నేను రాసిన నీ చిరునామా కొరియర్ వాడు తప్పు చదివాడనుకుని మళ్లీ పంపాను. మళ్లీ వచ్చింది. ఈసారి ఓనరే పైకి మోసుకొచ్చి, "అమ్మాయ్, ఇది మూడోసారి, ఏముంది దీంట్లో?" అన్నాడు. "కుట్టు మిషనండీ" అన్నాను అబద్ధం ఆడే ఓపిక లేక. "కుట్టుకో మరి, నాకేం పోయింది" అని వెళ్లిపోయాడు. మూడు నెలలు నేను ఆ మనిషిని చూసి దాక్కున్నాను అత్తా!

డబ్బా విప్పకుండా తిప్పి పంపాడని నువ్వు మాస్టారిని తిట్టావు, నిజంగా ఆ పని చేసింది నేను.

సైటు పేజీ తెరిచారు. మాస్టారు వాళ్లకి రాసింది నాకూ ఒక నకలు పంపారు. ఐదు పేజీలు, అంకెలతో. చివరి అంకె కింద ఇలా ఉంది: "సదరు దుకాణం వారు నాకు పంపిన వస్తువును అవసరానికి మించి సరిచేశారు. ఇది లోపమే గానీ, నేను ఇంతవరకు చూసిన లోపాల్లో మేలైనది. ఫిర్యాదు ఉపసంహరించుకుంటున్నాను. పిల్లి కులాసా." గడువు ఇంకో మూడు నెలలు పొడిగించారు. ఆ కుర్చీ అలాగే ఉండనీ, నేను చేరడం లేదు.

నువ్వు ఊరికే కూర్చుని ఉంటే నా దుకాణం బతికేదని రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ కొట్లో ఆ పద్ధతి లేకపోయినా మాటల విషయంలో ఒప్పుకో.

స్లిప్పు మార్చాను. ఇప్పుడు రెండు గళ్లున్నాయి. ఒకటి "డబ్బు కావాలి". రెండోది "అత్త సరిచేయాలి". రెండో గడిలో టిక్కు పెడితేనే నువ్వు కత్తెర ముట్టుకోవాలి. నిన్న తెరిచాక వచ్చిన మొదటి ఆర్డరు సిమెంటు ఆఫీసు నుంచి. తలుపు కింద నుంచి దుమ్ము వస్తోందట. ఆర్డరు పెట్టినవాళ్లు పేరు రాయలేదు గానీ, "నాలుక లేకుండా, చూడగానే భయపడకుండా ఉండాలి, మా అక్కకి ఒకసారి చూపించి పంపగలరు" అని ఉంది. నీ తమ్ముడికి ఇక నేను ఏమీ చెప్పను, ఆ పాముని నువ్వే చూడు.

ఇవాళ పొద్దున్నించి కుడుతున్నాను. తల ఎత్తుకునే. మిషను పెట్టెలో నేను పంపిన పాత స్లిప్పు అలాగే ఉంది, దాని మీద కొట్టేసి మళ్లీ నింపి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నీ దగ్గర పెట్టుకో, దీన్ని మాత్రం తిరిగి పంపకు.

కారణం: సరిపోయింది.

నీ బొంగరం